అన్నం తిన్న చెయ్యి

నారాయణగూడలో ఒక క్యాథలిక్ ప్రాథమిక పాఠశాలలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. చేరినప్పుడు నా ఉద్యోగం పేరు నర్సు. మధ్యలో హెల్త్ టీచర్ అన్నారు. దిగిపోయేనాటికి వెల్‌నెస్ కోఆర్డినేటర్ అయింది. మూడు పేర్లతోనూ చేసిన పని ఒకటే. మధ్యాహ్నం భోజనాల హాల్లో నిలబడి ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో చూడటం.

ఈమధ్య మా చిక్కడపల్లి వీధిలో ఒక అమ్మాయికి అలాంటి బడిలోనే ఉద్యోగం వచ్చింది. ఏమైనా సలహా చెప్పండి ఆంటీ అంటూ మా ఇంటికి వచ్చింది. నేను మొదలుపెట్టాను. ఆ అమ్మాయి టీ తాగింది, మళ్ళీ పెట్టిచ్చిన టీ కూడా తాగింది, గడియారం చూసుకుంది, వెళ్ళిపోయింది. నాకింకా సగం కూడా కాలేదు. అందుకని మిగతాది రాసిపెడుతున్నాను. చదవడం మొదలుపెట్టాక మధ్యలో లేచి వెళ్ళిపోయినా నాకు తెలియదు కాబట్టి ఇద్దరికీ సుఖం.

ముందుగా ఒక చిన్న విషయం. ఆస్పత్రిలో చేసినన్నాళ్ళూ నన్ను అందరూ సిస్టర్ అనేవారు. బడిలో ఆ పిలుపు కన్యాస్త్రీలది. అక్కడ అందరూ సిస్టర్లే, ఖాళీ లేదు. పిల్లలు నన్ను నర్సు టీచర్ అన్నారు. నేను ఏ పాఠమూ చెప్పలేదు. అయినా ఆ పేరే నిలిచింది.

చేతులు

కొత్తగా చేరేవాళ్ళకు బరువు చూడటం, ఎత్తు కొలవడం, కనురెప్పలు కిందికి లాగి రక్తం ఉందో లేదో చూడటం నేర్పిస్తారు. అవన్నీ ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసే పనులు. పిల్ల ఇవాళ తిందా లేదా అన్నది అవి చెప్పవు. పిల్లనడిగితే తిన్నానంటుంది. అది అబద్ధం కాదు, మర్యాద. తిన్నావా అని ఎవరడిగినా తిన్నాననే చెప్పాలని మనమే నేర్పించాం.

నేను చేతులు చూసేదాన్ని. భోజనాలయ్యాక కుళాయిల దగ్గర వరస ఉంటుంది. కడుక్కోకముందు ఒకసారి చెయ్యి చాపమనేదాన్ని. పప్పు కలుపుకుని తిన్న చేతికి వేళ్ళ కొసలు పచ్చగా ఉంటాయి. పెరుగన్నం తిన్న చెయ్యి జిడ్డుగా ఉంటుంది. మామిడికాయ పచ్చడైతే చూడక్కర్లేదు, వాసనే ముందొస్తుంది. తినకుండా కెలికి వదిలేసిన చేతికి చూపుడువేలు ఒక్కటే అంటుకుని ఉంటుంది, బొటనవేలు శుభ్రంగా ఉంటుంది. ముద్ద నోట్లోకి పోవాలంటే బొటనవేలు తొయ్యాలి కదా.

ఇది ఏ నర్సింగ్ కాలేజీలోనూ చెప్పరు. ఇంట్లో మా అత్తగారు మా పిల్లలను ఇలాగే పట్టుకునేది. నేను ఆవిడ దగ్గర నేర్చుకుని, జీతం మాత్రం బడిలో తీసుకున్నాను.

బాక్సు పిల్లలు, ప్లేటు పిల్లలు

మా బడిలో రెండు రకాల పిల్లలుండేవారు. ఇంటినుంచి డబ్బా తెచ్చుకునేవాళ్ళు, బడిలో వండిన అన్నం ప్లేట్లో తినేవాళ్ళు. అందరినీ ఒకే హాల్లో కలిపి కూర్చోబెట్టాలన్నది ప్రిన్సిపాల్ సిస్టర్ ఫిలోమినా పెట్టిన పద్ధతి. ఆవిడది గుంటూరు వైపు. పొడవాటి మనిషి, గట్టి గొంతు. ఆవిడ వరండాలో నడిస్తే క్లాసులు వాటంతటవే సర్దుకునేవి. నేను చూసిన పై అధికారుల్లో నాకు అందరికన్నా ఎక్కువ కోపం తెప్పించింది ఆవిడే, ఎక్కువ గౌరవం కలిగించిందీ ఆవిడే. రెండూ ఒకే వారంలో జరిగిన సందర్భాలున్నాయి.

కలిపి కూర్చోబెడితే ఏమవుతుందో అదే అయింది. ప్లేటు పిల్లలకు గుడ్డు పెట్టే రోజున, గుడ్డు గుమ్మం తొక్కని ఇళ్ళ పిల్లల డబ్బాల్లోంచి పూరీలు, పులిహోర, జంతికలు అవతలికి వెళ్ళేవి. అవతల నుంచి సగం సగం గుడ్లు ఇవతలికి వచ్చేవి. ఒక తండ్రి వచ్చి, మా వాడు నిద్రలో గుడ్డు గుడ్డు అంటున్నాడండీ, బడిలో ఏం జరుగుతోంది అని నిలదీశాడు. లెక్కల్లో గుండ్రంగా వచ్చిన మార్కు గురించేమో విచారిస్తానన్నాను. ఆయన నమ్మి పిల్లవాడికి ట్యూషన్ పెట్టించాడు.

పిల్లల ఇచ్చిపుచ్చుకోవడాల్లో వేలు పెట్టొద్దని నా సలహా. ఒంటికి పడని తిండి ఉన్న పిల్లలను గుర్తుపెట్టుకుని వాళ్ళ మీద కన్నేసి ఉంచండి, చాలు. మిగతావి వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు.

గేటు దగ్గర అమ్మలు

మధ్యాహ్నం గంట కొట్టగానే గేటు బయట క్యారియర్లు పట్టుకుని అమ్మలు, అమ్మమ్మలు నిలబడేవారు. వేడి వేడి అన్నం కలిపి గేటు ఊచల్లోంచి ముద్దలు పెట్టేవారు. ఐదో తరగతి పిల్ల కూడా ఊచల మధ్య మొహం పెట్టి నోరు తెరిచేది. అవతల వైపు నుంచి చూస్తే జైలులా అనిపించేది, ఇవతల నుంచి చూస్తే జూ. సిస్టర్ ఫిలోమినా కన్నా ముందున్న ప్రిన్సిపాల్ ఒక రోజు గేటుకు రేకు కొట్టించింది. మర్నాటికి అమ్మలు రేకు కింది సందులోంచి పెడుతున్నారు. రేకు తీయించాల్సి వచ్చింది.

ఇందులో నా అభిప్రాయం దాచను. అమ్మ చేత్తో తిన్న పిల్ల రెండు ముద్దలు ఎక్కువ తింటుంది, కానీ తన ఆకలి తనకు తెలియదు. అమ్మ పెట్టినంతా మింగి, ఆటల పీరియడ్లో కక్కిన పిల్లల్ని ఎత్తుకొచ్చి నా గదిలో పడుకోబెట్టిన రోజులకు లెక్కలేదు. అయినా గేటు దగ్గర అమ్మలతో పోట్లాడకండి. వాళ్ళు పొద్దున్నుంచీ ఆ పదినిమిషాల కోసమే పని తెముల్చుకుని వస్తారు. వాళ్ళ దగ్గర నిలబడి మాట్లాడితే, పిల్ల రాత్రి నిద్రపోయిందా, ఇంట్లో గొడవలేమైనా అయ్యాయా అన్నది వాళ్ళే చెబుతారు. ఏ ఫారం నింపించినా అవి రాయరు.

చెంచాలు

ఇక తప్పు నిర్ణయాల సంగతి. ఒకసారి పోషకాహారం మీద ఉపన్యాసం ఇవ్వడానికి ఒక నిపుణురాలు వచ్చింది. మంచి మనిషే. చేతులతో తినడం వల్ల కడుపులో క్రిములు చేరతాయి, చెంచాలు అలవాటు చేయండి అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. సిస్టర్ ఫిలోమినాకు ఆ మాట పట్టుకుంది. కోఠి నుంచి స్టీలు చెంచాలు వచ్చాయి. భోజనాల హాలు బ్యాండు మేళంలా మోగడం మొదలైంది.

నా దగ్గరున్న ఒకే ఒక్క పరికరం పోయింది. అందరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి. తిన్నవాళ్ళవీ, తిననివాళ్ళవీ. సిస్టర్ దగ్గరికెళ్ళి చెప్పాను. చేతులు కడిగిస్తే క్రిములు పోతాయి కదా సిస్టర్, సబ్బు కొనండి అన్నాను. "సబ్బూ కొందాం, చెంచాలూ ఉంటాయి," అంది. చెప్పేది వినే మూడ్‌లో లేనప్పుడు ఆవిడ రెండింటికీ ఒప్పుకునేది. ఆ ఏడాది అలాగే గడిచింది. ఆ ఏడాదే అక్షిత విషయం జరిగింది.

విభూది బుధవారం

ఈస్టరుకు ముందు క్యాథలిక్కులకు తపస్సు కాలం ఉంటుంది. అది విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ రోజు నుదుట బూడిద పెడతారు. మా బడిలో ముప్పాతిక మంది హిందువుల పిల్లలు. బూడిద వాళ్ళకు కొత్త కాదు, ఉపవాసం అంతకన్నా కొత్త కాదు. పొద్దున్న అసెంబ్లీలో సిస్టర్ ఫిలోమినా చిన్నగా మాట్లాడింది. ఈ రోజుల్లో మీకు బాగా ఇష్టమైనది ఒకటి దేవుడి కోసం మానుకోండి, చాక్లెట్టో కార్టూనో, ఏదో ఒకటి. మానుకున్నట్టు ఎవరికీ చెప్పుకోకండి, దేవుడికి తెలిస్తే చాలు అంది. ఏటా చెప్పే మాటే.

పిల్లలు ఏటా వాళ్ళకు తోచింది మానేస్తారు. ఒకడు కాకరకాయ మానేశాడు. ఒకతె హోంవర్కు మానేసి, దేవుడి కోసమని టీచరుకు చెప్పింది. ఇద్దరన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు, వాళ్ళమ్మ కూడా కొన్నాళ్ళు ప్రశాంతంగా ఉంటుందని ఊరుకుంది.

రెండు వారాలు పోయాక నాలుగో తరగతి అక్షిత తలనొప్పని నా గదికి వచ్చింది. సన్నగా, బుద్ధిగా ఉండే పిల్ల. చిక్కడపల్లిలో అమ్మమ్మ దగ్గర ఉండేది. నాన్నకు జనగామ దగ్గర మందుల దుకాణం, ఆదివారాలు వచ్చి పోయేవాడు. అమ్మ రజిత గవర్నమెంటు ఉద్యోగం పరీక్షలకు చదువుతోంది. పొద్దున్నే అశోక్ నగర్ రీడింగ్ రూముకు వెళితే చీకటి పడ్డాకే రావడం. పెళ్ళయి, పిల్ల పుట్టాక మొదలుపెట్టిన చదువు. వయసు పరిమితి దగ్గరకొచ్చింది, ఇదే ఆఖరి ప్రయత్నమని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. పిల్ల వింటుందని ఎవరూ అనుకోలేదు.

ఏం తిన్నావంటే పప్పన్నం అంది. చెయ్యి చూస్తే శుభ్రంగా ఉంది, చెంచా పుణ్యాన. డబ్బా తెరిచి చూస్తే ఖాళీ. మర్నాడూ తలనొప్పి. ఆ మర్నాడు కళ్ళు తిరుగుతున్నాయంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, నోట్లోంచి ఖాళీ కడుపు వాసన. ఆ వాసన తెలియనివాళ్ళు ఈ ఉద్యోగానికి రాకూడదు. తిన్న పిల్లకు ఆ వాసన రాదు, డబ్బా మాత్రం ఖాళీగా ఉంది.

నాకు సమాధానం చెప్పింది పావురాలు. మా బడి వెనక గోడ మీద ఎప్పుడూ కొన్ని పావురాలుంటాయి. ఆమధ్య అవి బాగా ఒళ్ళు చేశాయి. మనుషులొస్తే ఎగరడం కూడా మానేసి, పక్కకు జరిగేవి. మర్నాడు మధ్యాహ్నం అటు వెళ్ళి నిలబడ్డాను. అక్షిత వచ్చింది, గోడ వారన డబ్బా తెరిచింది, అన్నం చెంచాతో తీసి తీసి వాటికి పెట్టింది. పచ్చటి పప్పన్నం. అంత నెయ్యి వేసి కలిపింది ఆ అమ్మమ్మ.

తిట్టలేదు. పక్కన కూర్చున్నాను. అన్నం పారేస్తున్నావేమమ్మా అన్నాను.

"పారేస్తలేను టీచర్. పక్షులకు పెడితే పుణ్యం."

మరి నువ్వెందుకు తినడం లేదంటే తల వంచుకుంది. ఎన్ని రకాలుగా అడిగినా అదే. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న కొద్దిపాటి విద్యల్లో ఒకటి ఏమిటంటే, పిల్లలు ఎందుకు అంటే చెప్పరు. వేరే వైపు నుంచి వెళ్ళాలి. మధ్యాహ్నం అన్నం ఎప్పటిదాకా తినవు అని అడిగాను.

"అమ్మ రిజల్ట్ వచ్చేదాంక," అంది. అని వెంటనే నోరు మూసుకుంది. తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవ్వరికి చెప్పొద్దన్నరు కద సిస్టర్. ఇప్పుడు మొక్కు పోయింది."

నాకు భయమేసింది. ఆ పిల్ల ఆకలి గురించి కాదు, ఆకలి ఒక పూటలో తీరుతుంది. వాళ్ళమ్మ ఫలితం ఆ పిల్ల తన మీద పెట్టుకుంది. రేపు ఆ పేరు రాకపోతే, నేను ఫలానా రోజు ఒక ముద్ద తిన్నాను, నేను నర్సు టీచరుకు చెప్పేశాను, అందుకే రాలేదు అనుకుంటుంది. ఎన్నేళ్ళయినా అనుకుంటూనే ఉంటుంది. అలాంటివి పెద్దయ్యాక కూడా మోసే మనుషులను నేను చూశాను.

మొక్కు ఎవరి మీద

అమ్మమ్మను పిలిపించాను. వచ్చేటప్పటికే చీర కొంగు తడిసిపోయింది. సంగతి విని మనవరాలిని దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఒక్కపొద్దంటే పస్తుండుడు కాదే బిడ్డ. నేను శనివారం ఉప్మా తింటలేనా?"

"ఉప్మా నాకిష్టం," అంది అక్షిత. "ఇష్టమైంది మానుకోవాలె అన్నరు సిస్టర్."

అక్కడ నాకు అర్థమైంది. ఇంట్లో చూసిన ఒక్కపొద్దులో అన్నం ఒక్కటే మానేస్తారు. ఉప్మా, పళ్ళు, పాలు అన్నీ ఉంటాయి. ఎందుకు చేస్తున్నారో ఇంటిల్లిపాదికీ తెలుసు. సిస్టర్ చెప్పిన దాంట్లో చాక్లెట్టు మానేస్తే చాలు, కాకపోతే ఎవరికీ చెప్పకూడదు. రెండింటిలోనూ సులువులున్నాయి. ఈ పిల్ల అటు నుంచి అన్నాన్నీ, ఇటు నుంచి రహస్యాన్నీ తీసుకుని, సులువులు రెండు చోట్లా వదిలేసింది. రెండు మతాల పెద్దలెవరికీ రాని ఉపవాసం ఒకటి తయారైంది.

ఇక తినమంటే తినదు. మొక్కు మొక్కే. అమ్మమ్మకు కూడా అదే పట్టింపు. మొక్కిన మొక్కు ఉత్తగా వదిలేయకూడదు, ఎవరైనా మీదేసుకోవాలి, మా ఇళ్ళల్లో అట్లనే చేస్తం, నేనేసుకుంట అంది. ఆవిడకు షుగరు, పూటకు ఇంత ఇన్సులిన్. వీల్లేదన్నాను. రజితకు చెబుదామా అంటే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. చదువుకునే తల మీద ఈ బరువు పెట్టడం నాకూ ఇష్టం లేదు. అయితే నేనే తీసుకుంటానన్నాను.

అక్షిత నన్ను జాలిగా చూసింది. "మీరు మధ్యాహ్నం అన్నం తినరు కద టీచర్. చపాతీలే కద."

నిజమే. డాక్టరు చెప్పినప్పటినుంచీ నాది మధ్యాహ్నం చపాతీయే. హాల్లో నేను వాళ్ళ డబ్బాలు చూస్తున్నానని అనుకున్నాను గానీ, వాళ్ళు నా డబ్బా చూస్తున్నారని అనుకోలేదు. అనర్హురాలినయ్యాను.

సిస్టర్ ఫిలోమినా గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. లోపలికొచ్చి పిల్ల ముందు స్టూలు మీద కూర్చుంది. దేవుడు చిన్నపిల్లల్ని కడుపు మాడ్చుకోమని అడగడమ్మా అని మెల్లగా చెప్పింది. ఆ గొంతు అంత మెల్లగా ఉండగలదని నాకప్పటిదాకా తెలియదు.

"మరి మానుకోండి అన్నరు కద మీరు," అంది అక్షిత. ఎదురు చెప్పడం కాదు, నిజంగానే అడిగింది.

సిస్టర్ గోడ మీద శిలువ వైపు చూసింది, నావైపు చూసింది. మా ఇద్దరిలో ఎవరి దగ్గరా సమాధానం దొరికినట్టు లేదు. చివరికి చెయ్యి చాపింది.

"నాకివ్వు. నేనే కదా మొదలుపెట్టింది."

అక్షిత అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ తల ఊపింది. పిల్ల డబ్బాలో మిగిలిన అన్నం పిడికెడు తీసి సిస్టర్ అరచేతిలో పెట్టి, నా మొక్కు మీకిస్తున్న అంది. ఆ అన్నం ఏం చెయ్యాలో సిస్టర్‌కు తెలియలేదు. కాసేపు పట్టుకుని కూర్చుని, తర్వాత తనే లేచి వెళ్ళి పావురాలకు వేసి వచ్చింది. నేను పిల్లకు రెండు అరటిపళ్ళు, పాలు ఇచ్చాను. గుటగుటా తాగింది.

చెయ్యి తుడుచుకుంటూ సిస్టర్ అమ్మమ్మను అడిగింది, ఇంతకీ ఫలితం ఎప్పుడొస్తుందమ్మా అని.

"వస్తదమ్మా. తొందర్లనే అంటున్నరు," అంది అమ్మమ్మ.

సిస్టర్ ఆ మాట నమ్మింది. గుంటూరు వైపు మనిషి, కాన్వెంటు దాటి ఎక్కువ తిరగదు. అశోక్ నగర్ టీకొట్టు దగ్గర ఎవరినడిగినా తొందర్లో అంటే ఏమిటో చెప్పేవారు.

తొందర్లో

ఈస్టరు వచ్చింది. కాన్వెంటులో అందరూ బిర్యానీ తిన్నారు. సిస్టర్ చపాతీ తింది. పరీక్ష వాయిదా పడింది. ఎండాకాలం వచ్చింది. ఆవిడ ఊరినుంచి కొత్త ఆవకాయ వచ్చింది. ఆవకాయను చపాతీతో తినడం ఎంత దుఃఖమో నేను పక్కన కూర్చుని చూశాను. పరీక్ష జరిగింది. ఫలితం కోర్టులో ఆగింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, ఇక్కడ దేవుడికీ, పూజారికీ కూడా సంబంధం లేకుండా పోయింది.

అన్నం లేని సిస్టర్ మధ్యాహ్నం తర్వాత చిరాగ్గా ఉండేది. సెలవు కావాల్సిన టీచర్లు లంచికి ముందే వెళ్ళి అడగడం నేర్చుకున్నారు. నెమ్మదిగా సంగతి స్టాఫ్ రూముకంతా తెలిసింది. లెక్కల టీచరు నుంచి వాచ్‌మన్ దాకా అందరూ పొద్దున్నే పేపర్లో ఉద్యోగాల పేజీ చూసేవారు. మా బడిలో ఎవరూ ఆ పరీక్ష రాయలేదు. అయినా ఫలితం కోసం అంతగా ఎదురుచూసిన స్టాఫ్ రూము నగరంలో మరొకటి ఉండదు. పై నుంచి వచ్చిన పెద్ద సిస్టర్ ఒకావిడ, అన్నం ఎందుకు తినడం లేదని అడిగితే, ఆరోగ్యం కోసం అని చెప్పింది ఫిలోమినా. ఆ మాట ప్రకారమే ఆవిడ బీపీ తగ్గింది, బరువూ తగ్గింది. నేను సంవత్సరాల తరబడి చెప్పినా ఎవరికీ తగ్గనివి ఒక నాలుగో తరగతి పిల్ల తగ్గించింది. ఇది నా ఉద్యోగానికి అవమానమే, ఒప్పుకుంటున్నాను.

చెంచాలు కూడా పోయాయి. ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. ఒక సోమవారం హాల్లోకి వస్తే అవి లేవు, సబ్బులున్నాయి. నేనేమీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అక్షిత బాగా తినసాగింది. తినేముందు మాత్రం డబ్బా పట్టుకుని టీచర్ల బల్ల దాకా వచ్చి, సిస్టర్ కంచంలోకి ఒకసారి చూసేది. చపాతీ కనిపిస్తే వెళ్ళి కూర్చునేది. ఎంత పెద్ద అధికారులు తనిఖీకి వచ్చినా కుర్చీలోంచి లేవని సిస్టర్, ఆ పిల్ల చూడటానికి వీలుగా కంచం కాస్త ముందుకు జరిపేది.

ఫలితం

మరో విభూది బుధవారం వచ్చింది. ఆ ఏడు అసెంబ్లీలో సిస్టర్ ఫిలోమినా ఎక్కువ మాట్లాడలేదు. ఎవరూ అన్నం మానొద్దు, మానితే నాకు చెప్పాలి, అంతే అని దిగిపోయింది.

అది అయిన కొన్నాళ్ళకు ఫలితం వచ్చింది. పొద్దున్నే అమ్మమ్మ ఫోన్ చేసి చెప్పింది. రజిత పేరు లేదు. నేను సిస్టర్‌కు చెప్పడానికి వెళ్ళి, తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. పిల్ల ఆ రోజు రాదనుకున్నాను. వచ్చింది. మధ్యాహ్నం దాకా క్లాసులో కూర్చుంది, రాసుకుంది, ప్రశ్నలకు జవాబులు చెప్పింది.

గంట కొట్టాక డబ్బా పట్టుకుని ఎప్పటిలాగే టీచర్ల బల్ల దగ్గరికి వచ్చింది. ఈసారి కంచంలోకి చూడలేదు. సిస్టర్ మొహంలోకి చూసింది.

"మా అమ్మ పేరు రాలేదు సిస్టర్."

బల్ల చుట్టూ అందరం తినడం ఆపేశాం. సిస్టర్ చేతిలో చపాతీ ముక్క ఉంది. బడి మొత్తాన్ని గొంతుతో నడిపిన మనిషి, ఆ పిల్ల ముందు తప్పు చేసిన పిల్లలా అయిపోయింది.

"నేను తినలేదమ్మా," అంది. "ఒక్క ముద్ద కూడా తినలేదు. పండక్కి కూడా తినలేదు."

"నాకు తెల్సు. నేను రోజు చూసిన కద," అంది అక్షిత. "మీ తప్పేం లేదు సిస్టర్. మొక్కుకు, దీనికి ఏం లేదు. అమ్మకు ఒక పేపర్ల మార్కులు తక్కువొచ్చినయట, గంతే. వయసు ఇంకొక్కసారికి ఉందట, మళ్ళ రాస్తదట."

మళ్ళీ రాస్తుందన్న మాటకు సిస్టర్ మొహంలో నిజంగానే భయం కనిపించింది. అక్షిత అది చూసింది. డబ్బా మూత తీసి, పప్పన్నం పెద్ద ముద్ద కలిపి, సిస్టర్ కంచంలో చపాతీ పక్కన పెట్టింది.

"రాస్తది గని, మీరు మాత్రం తినుండ్రి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. ఆ మొక్కు ఆ పిల్ల దగ్గరే ఉండిపోయి ఉంటే, ఈ రోజు ఈ మాటలు తనకు తాను చెప్పుకోగలిగేది కాదు. ఏడాదికి పైగా ఒక పెద్దమనిషి దాన్ని మోస్తుంటే రోజూ వచ్చి చూసింది కాబట్టి, తప్పు ఎవరిదీ కాదని దానికి తెలిసింది. సిస్టర్‌కు చెబుతూ తనకూ చెప్పుకుంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ వైద్యం లేదు. చెయ్యమని మీకు చెప్పలేను కూడా. ఆవిడకు చెయ్యాలని తోచింది, చేసింది.

సిస్టర్ చపాతీ పక్కకు పెట్టింది. ముద్ద తీసుకుంది. మెల్లగా నమిలింది. అక్షిత అక్కడే నిలబడి, మింగేదాకా చూసి, వెళ్ళి తన చోట కూర్చుని మిగతాది తింది.

భోజనాలయ్యాక ఎప్పటిలాగే కుళాయిల దగ్గర నిలబడ్డాను. పిల్లలు వరసగా చేతులు చాపుతున్నారు, నేను చూసి పంపిస్తున్నాను. పప్పు, పెరుగు, పచ్చడి. అక్షిత చెయ్యి చూశాను, బొటనవేలు దాకా పచ్చగా ఉంది. పంపించాను. దాని వెనకే ఇంకో చెయ్యి ముందుకొచ్చింది. పిల్లల చేతుల కన్నా చాలా పెద్దది, ముడతలు పడినది, వేళ్ళ కొసలు పచ్చగా ఉన్నాయి.

తల ఎత్తి చూడలేదు. సరే, కడుక్కోండి అన్నాను.